55పి: వెనక టైరు కొనేటప్పుడు నేను చదివిన అంకె, అక్షరం

నా బండి పల్సర్ 150, ఒకే డిస్కు ఉన్న మోడల్. మేముండేది ఖమ్మంలో. రోజూ ఆఫీసుకి, మార్కెట్‌కి తిరగడం సరే, తరచూ సూర్యాపేట మీదుగా హైదరాబాద్ కూడా వెళ్లొస్తుంటాను. చాలాసార్లు మా ఆవిడ కూడా వస్తుంది. సూర్యాపేట దాకా ఇప్పుడు నాలుగు లైన్ల రోడ్డు, అక్కణ్ణించి 65వ నంబరు జాతీయ రహదారి. రోడ్డు అంత బాగుంటే బండి ఎనభైలో వెళ్తున్నట్టు కూడా తెలియదు.

మొన్న చలికాలం చివర్లో వెనక టైరు నడుమ గుండు అయిపోయింది. పక్కల గాడులు బాగానే కనిపిస్తాయి కాబట్టి దూరం నుంచి చూస్తే టైరు ఇంకా ఉన్నట్టే ఉంటుంది. తిన్నగా హైవే మీద నడిచే బండికి అరిగేది నడుమే. టైరు పక్క గోడ, అంటే సైడ్‌వాల్ మీద టీడబ్ల్యూఐ అని గానీ, చిన్న త్రిభుజం గుర్తు గానీ ఉంటుంది. దానికి ఎదురుగా గాడి లోపల చిన్న రబ్బరు దిమ్మె కనిపిస్తుంది. రోడ్డుకి తగిలే రబ్బరు, అంటే ట్రెడ్ అరిగి ఆ దిమ్మెతో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. మన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ద్విచక్ర వాహనాల టైరుకి గాడి లోతు కనీసం 0.8 మిల్లీమీటర్లు ఉండాలి. వానాకాలంలో మట్టి, నీళ్లు కలిసిన రోడ్డు మీద ఆ 0.8 ఏ మూలకూ చాలదు. నేనైతే రెండు మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చిందంటేనే మార్చడానికి చూస్తాను.

కొనడానికి వెళ్లేముందు పాత టైరు మీద రాసి ఉన్నదంతా తుడిచి చదివాను. 100/90-17, ఆ పక్కనే ఎం/సి, ఆ తర్వాత 55పి. సైజు గురించి అందరికీ కొంత తెలుసు. వెడల్పు 100 మిల్లీమీటర్లు, ఎత్తు ఆ వెడల్పులో 90 శాతం, రిమ్ 17 అంగుళాలు. ఎం/సి అంటే మోటార్ సైకిల్ టైరు అని. చివర్లో ఉండే 55పి గురించి మాత్రం షాపులో ఎవరూ మాట్లాడరు. అందులో 55 బరువుకి, పి వేగానికి సంబంధించినవి.

మొదట వెళ్లిన షాపులో 55పి టైరే కావాలని అడిగాను. ఆయన నవ్వి, "సార్, పి అంటే నూట యాభై స్పీడు. మీ బండి నూట ఇరవై కూడా పోదు. ఏ అక్షరం ఉంటే ఏంది?" అన్నాడు. మాట వినడానికి సబబుగానే ఉంది, చాలామంది అనుకునేదీ అదే. ఆ ప్రశ్నకి జవాబు దొరికితే టైరు ఎలా ఎంచుకోవాలో దానంతట అదే తెలుస్తుంది.

ముందు అక్షరాల సంగతి. జె అంటే గంటకు 100 కిలోమీటర్లు, కె 110, ఎల్ 120, ఎం 130, ఎన్ 140, పి 150, క్యూ 160, ఆర్ 170, ఎస్ 180, టి 190, యు 200. ఇంతవరకు పదేసి చొప్పున పెరుగుతూ పోతాయి. ఆ తర్వాత హెచ్ వచ్చి 210 అంటుంది. వి 240, డబ్ల్యూ 270, వై 300. వరసలో హెచ్ ఒక్కటే చోటు తప్పినట్టు కనిపించడానికి కారణం ఉంది. ఒకప్పుడు యూరప్‌లో ఎస్, హెచ్, వి అనే మూడు తరగతులే ఉండేవి. ఎస్ 180కి, హెచ్ 210కి, వి అంతకు పైన. మిగతా అక్షరాలను తర్వాత వాటి చుట్టూ నింపారు. హెచ్ మాత్రం పాత చోటే ఉండిపోయింది. మా ఇంట్లో ఉన్న యాక్టివా వెనక టైరు మీద 90/100-10 53జె అని ఉంటుంది. ఆ స్కూటర్ ఎప్పుడూ వంద దాటదు కాబట్టి దానికి జె చాలు.

ఈ అక్షరం ఊరికే అచ్చు వేసేది కాదు. టైరును పెద్ద ఉక్కు డ్రమ్ముకి ఆనించి, నిర్ణయించిన గాలి, నిర్ణయించిన బరువు పెట్టి తిప్పుతారు. వేగాన్ని మెట్లు మెట్లుగా పెంచుతూ ఒక్కో మెట్టు దగ్గర కొన్ని నిమిషాలు నడుపుతారు. అంతా అయ్యాక ట్రెడ్ ఊడిందా, లోపలి పొరలు విడిపోయాయా, దారాలు తెగాయా, రబ్బరు ముక్కలుగా లేచిందా అని చూస్తారు. ఇవేవీ జరగకపోతేనే ఆ అక్షరం దక్కుతుంది. అంటే అక్కడ చూసేది వేడిని. ఆ వేగంలో పుట్టే వేడికి టైరు తట్టుకుని నిలబడుతుందా లేదా అన్నదే పరీక్ష.

వేడి ఎక్కణ్ణించి వస్తుందో ఒక చిన్న లెక్క వేసుకుంటే అర్థమవుతుంది. 100/90-17 టైరు చుట్టుకొలత సుమారు 1.92 మీటర్లు. ఎనభై వేగంలో వెళ్తుంటే చక్రం సెకనుకి దాదాపు 12 చుట్లు తిరుగుతుంది. టైరులో ప్రతి భాగమూ సెకనుకి 12 సార్లు రోడ్డుకి నొక్కుకుని, వంగి, మళ్లీ సాగుతుంది. ఇనుప తీగని మాటిమాటికీ వంచితే వంచిన చోట వేడెక్కినట్టే రబ్బరు, దాని లోపలి నైలాన్ దారాలు లోలోపల వేడెక్కుతాయి. సూర్యాపేట నుంచి హైదరాబాద్ చేరేలోపు ఇలా సుమారు 70 వేల సార్లు జరుగుతుంది. దీనికి తోడు చక్రం తిరుగుతుంటే ట్రెడ్‌ని బయటికి లాగే బలం ఒకటి ఉంటుంది. వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగు రెట్లవుతుంది. గాలి తక్కువైతే టైరు ఎక్కువ వంగుతుంది, బరువు ఎక్కువైనా అంతే. వంపు పెరిగితే వేడి పెరుగుతుంది.

పరీక్ష చేసే గదిలో టైరు కొత్తది, గాలి సరిగ్గా ఉంటుంది. మే నెల మధ్యాహ్నం నకిరేకల్ దాటాక మన పరిస్థితి అది కాదు. మా జిల్లాలో, పక్కనే ఉన్న కొత్తగూడెంలో ఎండలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. నల్లటి తారు గాలికన్నా ఎంతో ఎక్కువ కాలిపోతూ ఉంటుంది. టైరు పాతబడి ఉంటుంది, గాలి చూసుకుని వారం దాటి ఉంటుంది, వెనక మనిషి, పక్కన సంచులు. అందుకే బండి నూట ఇరవై దాటదు కదా, ఎల్ చాలదా అంటే చాలదనే నేనంటాను. బండి పోగల వేగానికీ, అక్షరం చెప్పే వేగానికీ మధ్య కంపెనీ కొంత ఖాళీ వదిలింది. ఎండ, బరువు, పాతబడటం, తగ్గిన గాలి, వీటన్నిటినీ మోసేది ఆ ఖాళీయే. కొన్ని వందలు తగ్గుతాయని దాన్ని వదులుకోకూడదు.

ఇక అంకె. నా దృష్టిలో అక్షరం కన్నా జనం ఎక్కువగా నష్టపోయేది దీని దగ్గరే. 55 అంటే 55 కిలోలని కాదు, పట్టిక చూసుకోవాలి. 46 అంటే 170 కిలోలు, 47 అంటే 175, 50 అంటే 190, 54 అంటే 212, 55 అంటే 218. ఆ ఒక్క టైరు మీద పడగల గరిష్ఠ బరువు అది, అదీ గాలి సరిగ్గా ఉన్నప్పుడే.

షాపాయన చూపించింది 3.00-17 సైజు టైరు. "ఇది కూడా ఈ రిమ్ముకే సార్, మైలేజీ వస్తుంది, నాలుగొందలు తక్కువ" అన్నాడు. రిమ్ముకి కూర్చుంటుంది, నిజమే. అక్షరం కూడా పి. కానీ అంకె 50. అంటే 218 కిలోలు మోసే చోట 190 కిలోలు మోసేది పెడుతున్నాం. ఆ 28 కిలోల తేడా నా బండికి నిజంగా అవసరమా అని అప్పుడే అనుమానం వచ్చింది. తెలుసుకోవడానికి తేలికైన దారి ఒకటి ఉంది.

మా వీధి చివర తెలిసిన మిర్చి ఖరీదుదారు గోదాం ఉంది, అక్కడ పెద్ద కాటా ఉంటుంది. సాయంత్రం పని అయిపోయాక ఆయన్ని అడిగి వెనక చక్రం కాటా మీద, ముందు చక్రం అంతే ఎత్తు చెక్క మీద పెట్టాను. నేనూ మా ఆవిడా ఎక్కి కూర్చున్నాం, హైదరాబాద్ వెళ్లేటప్పుడు తీసుకెళ్లే సంచులూ తగిలించాం. హమాలీ ఒకాయన హ్యాండిల్ పట్టుకుని బండి నిలబెట్టాడు. ఒక్క వెనక చక్రం మీదే 190 పైచిలుకు చూపించింది. బండి, ఇద్దరు మనుషులు, సామాను కలిపితే మూడు వందల కిలోలు అవుతుంది, అందులో మూడింట రెండొంతులు వెనకే పడుతోంది. సంక్రాంతికి ఊరెళ్లి బియ్యం బస్తా వేసుకొస్తే ఇంకెంత పెరుగుతుందో చూడాల్సిన పని లేదు. కంపెనీ 55 ఎందుకిచ్చిందో కాటా చూశాక నాకింక సందేహం రాలేదు. బండి మీద ఎప్పుడూ ఇద్దరు తిరిగేవాళ్లు ఎవరైనా ఒక్కసారి ఇలా తూకం వేసి చూడమని నేను గట్టిగా చెప్తాను.

మా బావమరిది స్ప్లెండర్ సంగతీ ఇక్కడే చెప్పాలి. వాడు వైరా దగ్గర పల్లెలో పాల క్యాన్లు వేసుకుని తిరుగుతాడు. కొత్త స్ప్లెండర్‌కి ముందూ వెనకా ఒకటే సైజు, 80/100-18. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కానీ ముందు టైరు 47పి, వెనకది 54పి. అంటే 175కీ 212కీ ఉన్నంత తేడా. ఏదో షాపులో సైజు చూసి వెనక 47 టైరు ఎక్కించారు. ఏడాది తిరక్కుండానే సైడ్‌వాల్ మీద సన్నటి పగుళ్లు, ఒకచోట చిన్న బుడగ. వాడు రబ్బరు మంచిది కాదనుకున్నాడు. నేను కూర్చుని అంకె చూపిస్తే, "ఇది కూడా చూడాలా బావా?" అన్నాడు. చూడాలి. ముఖ్యంగా పాలు, కూరగాయలు, గ్యాస్ సిలిండర్లు మోసే బండ్లకి అదే ముందు చూడాలి. బుడగ లేచిందంటే లోపల దారాలు తెగాయని అర్థం. ఆ టైరును ఇంక ఒక్కరోజు కూడా నడపకూడదు. ఆ సాయంత్రమే మార్పించాం.

రెండో షాపులో దీనికి పూర్తిగా వ్యతిరేకమైన సలహా. "లావు టైరు వెయ్యండి సార్, లుక్కూ వస్తది, గ్రిప్పూ వస్తది" అని 120/80-17 చూపించారు. 61పి, అంటే 257 కిలోలు. కాగితం మీద చూస్తే నా అవసరానికి మించే ఉంది. రెండు డిస్కుల పల్సర్ 150కి కంపెనీయే ఈ సైజు ఇచ్చింది కూడా. అయితే ఆ బండి చక్రం, దాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ ఆ సైజుకి తగ్గట్టు చేసినవి. నా సన్నటి రిమ్ముకి అది ఎక్కిస్తే టైరు అంచులు లోపలికి నొక్కుకుపోయి నడుమ ఉబ్బుతుంది. అప్పుడు రోడ్డుకి తగిలే భాగం పెరగకపోగా ఆకారం చెడి, మలుపు తిప్పేటప్పుడు బండి ఒక్కసారిగా వాలినట్టవుతుంది. చైన్ వైపు రాసుకునే ప్రమాదమూ ఉంది. లావు టైరు మోజు మన కుర్రాళ్లలో చాలా ఉంది కాబట్టి చెప్తున్నా, రిమ్ వెడల్పు చూడకుండా టైరు వెడల్పు పెంచొద్దు.

అక్షరం పెద్దదైతే టైరు అంత మంచిదనే నమ్మకం కూడా సరికాదు. పై అక్షరం ఉన్నది వేస్తే తప్పేం లేదు, కింది అక్షరం వేస్తేనే ప్రమాదం. కానీ ఎస్ టైరు తడి రోడ్డు మీద పి టైరు కన్నా బాగా పట్టుకుంటుందని ఆ అక్షరం ఎక్కడా చెప్పడం లేదు. పట్టు ఉండేది రబ్బరు మిశ్రమంలో, గాడుల తీరులో. మెత్తటి రబ్బరైతే పట్టు బాగుంటుంది, తొందరగా అరుగుతుంది. గట్టిదైతే ఎక్కువ కిలోమీటర్లు వస్తుంది, వానలో కాస్త జారుతుంది. ఇందులో ఏది కావాలో ఎవరి రోడ్డుని బట్టి వాళ్లు తేల్చుకోవాల్సిందే. నాకు వానాకాలం భయం ఎక్కువ. అందుకే కిలోమీటర్లు కొంచెం తగ్గినా పరవాలేదనుకున్నాను. మిషెలిన్ తడి రోడ్డు మీద బాగుంటుందని మిత్రులు చెప్పారు గానీ నా సైజు ఆ వారం దొరకలేదు. చివరికి ఎంఆర్ఎఫ్ నైలోగ్రిప్ జాపర్‌లో 100/90-17 55పి, ట్యూబ్‌లెస్ తీసుకోవాలని నిర్ణయించుకున్నాను.

మూడో షాపులో ఆ టైరు ఉంది, ధర కూడా బాగానే చెప్పారు. సైడ్‌వాల్ మీద నాలుగు అంకెల తేదీ కోసం వెతికాను. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ఉదాహరణకి 2319 అంటే 2019లో 23వ వారం. వాళ్లు తెచ్చిన టైరు తయారై మూడేళ్లు దాటింది. రబ్బరు వాడకపోయినా గట్టిపడుతుంది, అందులోనూ రేకుల షెడ్డు కింద ఎండకి ఉంటే ఇంకా త్వరగా. "అన్నా, ఇంతకన్నా కొత్తది ఉంటే ఇవ్వండి" అంటే, "టైరుకి ఎక్స్‌పైరీ ఏముంటది సార్, పాలప్యాకెట్టా?" అన్నాడు. అయిదేళ్లు దాటిన టైరుని ఏటా చూపించుకోవాలని, పదేళ్లు దాటితే ఎలా ఉన్నా తీసేయాలని టైరు కంపెనీలే చెప్తాయి. మూడేళ్లు షాపులోనే గడిచిపోయిన టైరుకి పూర్తి ధర పెట్టడం నాకు ఇష్టం లేదు. ఆయన గొడవపడలేదు, రెండ్రోజులు ఆగమని, స్టాకిస్టు దగ్గర్నుంచి నాలుగు నెలల కిందట తయారైన టైరు తెప్పించి ఇచ్చాడు. అడిగితే వస్తుంది. దాని మీద ఐఎస్ఐ మార్కు, ఐఎస్ 15627 అన్న నంబరు కూడా చూసుకున్నాను. మన దేశంలో రెండు, మూడు చక్రాల బండ్ల టైర్లకి ఉన్న ప్రమాణం అది.

రీబటన్, అంటే అరిగిన టైరుకి కొత్త రబ్బరు అతికించడం గురించి ఒక్క మాట. అక్కడే ఒకాయన పాత టైరుకి రీబటన్ వేయించుకుంటే సగం ధరలో అయిపోతుందని నాకు నచ్చజెప్పబోయాడు. లారీ టైర్లకి అది పెద్ద పరిశ్రమ, దాని లెక్కలు వేరు. బైకు టైరుకి మాత్రం నేను ఒప్పుకోను. పైన కొత్త రబ్బరు అతికించినా సైడ్‌వాల్ మీద పాత 55పి అలాగే మిగిలి ఉంటుంది. పరీక్షలో నెగ్గింది మొదటి టైరు, ఈ అతుకు కాదు.

ఎక్కించేటప్పుడు పక్కనే నిలబడ్డాను. తిరిగే దిక్కు చూపించే బాణం గుర్తు సరిగ్గా ఉందో లేదో చూశాను. టైరు మీద పసుపు చుక్క ఉంటే అది తేలికైన చోటు, దాన్ని వాల్వ్ దగ్గరికి తెమ్మన్నాను. ట్యూబ్‌లెస్ కాబట్టి వాల్వ్ కూడా కొత్తది వేయించాను, దాని ధర టీ ఖర్చు కన్నా పెద్ద ఎక్కువ కాదు. గాలి పట్టాక టైరు అంచున ఉండే సన్నటి గీత రిమ్ చుట్టూ ఒకే ఎత్తులో కనిపించాలి. ఒకచోట లోపలికి పోయినట్టుంటే మళ్లీ గాలి తీయించి, సబ్బునీళ్లు రాయించి కూర్చోబెట్టించాను. చైన్ బిగువు, చక్రం తిన్నగా ఉందా అన్నది పానలు లోపల పెట్టేముందే చూపించుకున్నాను.

కొత్త టైరు పైపొర నున్నగా, జారుడుగా ఉంటుంది. మొదటి నూరు, నూటయాభై కిలోమీటర్లు గట్టిగా బ్రేకు వేయకుండా, బండి బాగా వాల్చకుండా నడిపాను. మా ఆవిడని వెనక ఎక్కించుకున్నది ఆ తర్వాతే.

గాలి విషయంలో ఇప్పుడు ఎవరి మాటా వినను. కంపెనీ చెప్పింది పీఎస్ఐ లెక్కన ముందు 25, వెనక ఒక్కరైతే 28, ఇద్దరైతే 32. బంకులో కుర్రాడు అన్ని బండ్లకీ ఒకే లెక్కన కొట్టేస్తుంటాడు. అందుకే చిన్న గేజ్ ఒకటి కొని డిక్కీలో కాదు, ఇంట్లో తాళాల పక్కన పెట్టాను. పొద్దున బండి తీయకముందు టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. నడిచి వేడెక్కాక కొలిస్తే రెండు మూడు పాయింట్లు ఎక్కువే చూపిస్తుంది. అది చూసి గాలి తీసేస్తే చల్లారాక తక్కువైపోతుంది. ఇద్దరం హైదరాబాద్ బయల్దేరే రోజు మాత్రం 32 పెట్టకుండా గేటు దాటను. 55 అన్న అంకె చెప్పే 218 కిలోలు ఆ గాలి ఉంటేనే లెక్కలోకి వస్తాయి.

ముందు టైరు టీడబ్ల్యూఐ గుర్తుకి ఇంకా కొంచెం ఎత్తులో ఉంది. ఈ వానాకాలం మొదలయ్యేలోపు దాన్నీ మార్చాలి. 80/100-17 46పి, ట్యూబ్‌లెస్, తయారై ఆరు నెలలు దాటనిది కావాలని షాపాయనకి ఇప్పుడే చెప్పి ఉంచాను.